జట్టులో ఆఖరివాడు

ఆగస్టు 4

మామయ్యకి, పక్కనే కూర్చుని వింటున్న అత్తయ్యకి,

ఇద్దరం క్షేమంగా చేరాం. విమానంలో కిటికీ పక్క సీటు నాకిచ్చేసి బావ దారంతా నిద్రపోయాడు. అకాడమీ నది ఒడ్డునే ఉంది. పొద్దున ఇంజనీరింగ్ క్లాసులు, మధ్యాహ్నం నుంచి యూనిఫాం. మన కాలేజీలో మూడేళ్ళూ ఇంజనీరింగ్ చదువుతూ మధ్యమధ్య కవాతు చేశాం. ఇక్కడ కవాతు చేస్తూ, ఊపిరాడితే చదువుతాం. ఈ ఒక్క ఏడాదీ గట్టెక్కితే డిగ్రీ, భుజం మీద నక్షత్రం రెండూ ఒకేసారి వస్తాయి.

మమ్మల్ని జట్లుగా విడగొట్టారు. ఏడాదంతా ఆ జట్టుతోనే తిండి, నిద్ర, పని. ఒకడు తప్పు చేస్తే శిక్ష అందరికీ. మా జట్టులో ఎవరెవరున్నారో రాయమన్నారు కదా. పొడుగ్గా తాటిచెట్టులా ఒకడున్నాడు, ప్రస్తుతానికి వాడే పెద్ద. ఇంకొకణ్ణి అందరూ నత్త అంటున్నారు. పరుగులో ఆఖరు, బూట్ల తాళ్ళు కట్టుకోవడంలో ఆఖరు, భోజనం ముగించడంలోనూ ఆఖరే. లెక్కలు మాత్రం నోటితో చేసేస్తాడు.

బావ బాగున్నాడు. మీకు విడిగా రాయడానికి తీరిక లేదట, నన్నే రాసెయ్యమన్నాడు. అత్తయ్య కళ్ళకి మందు మానకుండా వేసుకోవాలి.

మీ మేనకోడలు


ఆగస్టు 23

గడుగ్గాయీ,

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. నత్త దగ్గరికి వచ్చేసరికి మీ అత్తయ్యకి పొలమారింది. నత్త ఇల్లు వీపు మీదే మోసుకు తిరుగుతుందంటారు. ఆ లెక్కన వాణ్ణి ఇంటికి పంపడానికి మీ అకాడమీకి దారి ఖర్చు కూడా ఉండదు. అదృష్టవంతులు.

ఇరవై ఆరేళ్ళు సైన్యంలో వంతెనలు కట్టినవాణ్ణి, ఒక మాట చెబుతాను విను. మొదటి నెలలోనే జట్టులో ఎవడు బరువు మోస్తాడో, ఎవడు బరువవుతాడో తేలిపోతుంది. రెండో రకానికి దూరంగా ఉండు. జాలి జ్వరంలాంటిది, పక్కవాడికి అంటుకుంటుంది.

మనవాడు ఉత్తరం రాయకపోవడం చూస్తే నాకు గర్వంగానే ఉంది. వాడి వయసులో నేనూ రాసేవాణ్ణి కాదు. పనిలో పడ్డ మనిషి రాయడు. చిన్నప్పుడు మిమ్మల్నిద్దరినీ పెరట్లో నిలబెట్టి తాళ్ళకి ముళ్ళు వేయించేవాణ్ణి, గుర్తుందా? నువ్వు ఏడుస్తూ వేసేదానివి, వాడు మాట్లాడకుండా వేసేవాడు. మాట్లాడనివాడే చివరికి నెగ్గుతాడు.

పాలిటెక్నిక్‌లో సర్వే చెప్పే పని మళ్ళీ నా నెత్తినే పెట్టారు. కొత్త బ్యాచికి గొలుసు పట్టుకోవడం కూడా రాదు.

మామయ్య


అక్టోబరు 9

మామయ్యా,

చలి మొదలైంది. ఇప్పుడు నది మీద తేలే వంతెన కట్టిస్తున్నారు. పడవలు వరసగా నిలిపి పైన పలకలు పరుస్తాం. ఒక్కొక్కరూ నీళ్ళలో మునిగి, పడవ అడుగున గొలుసు బిగించి రావాలి. చీకటి, బురద. చేత్తో తడుముకోవాలి. నాకు రెండోసారికే వచ్చింది.

నత్త మాత్రం పడవ అంచున కూర్చుండిపోయాడు. వాడు దిగేదాకా మమ్మల్నందర్నీ మెడలోతు నీళ్ళలో నిలబెట్టాడు ఇన్‌స్ట్రక్టరు. చివరికి దిగాడు. దిగినంత వేగంగా పైకొచ్చి పడవలో వాంతి చేసుకున్నాడు. గొలుసు అలాగే ఉంది. సాయంత్రం మావాళ్ళు వాడి పరుపు తడిపి వరండాలో పడేశారు. పొద్దున చూస్తే బూట్ల నిండా నత్తగుల్లలు. వాడు కిక్కురుమనకుండా ఒక్కొక్కటీ ఏరి కిటికీ గట్టు మీద పెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక సంగతి అడగాలి. నీళ్ళంటే భయపడేవాళ్ళు మీ దగ్గర ఎప్పుడైనా పనిచేశారా? అలాంటివాడికి మీరైతే ఏం చెబుతారు? భయం ఎప్పటికైనా పోతుందా? కొంచెం వివరంగా రాయండి.

బావ బాగానే ఉన్నాడు. మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమన్నాడు.

మీ మేనకోడలు


అక్టోబరు 28

గడుగ్గాయీ,

భయం పోదు. భయపడేవాడే పోవాలి.

వివరంగా అడిగావు కాబట్టి రాస్తున్నాను. నా దగ్గర ఒకడుండేవాడు. మంచి పిల్లాడు, పాటలు పాడేవాడు. నీళ్ళంటే వణుకు. మెల్లగా నేర్చుకుంటాడులే అని నేను ఉంచాను. ఒకరోజు వరదలో గొలుసు బిగించకుండానే బిగించానని చెప్పి పైకొచ్చాడు. వంతెన తెగి ఇద్దరు కొట్టుకుపోయారు. వాడు బతికే ఉన్నాడు, ఎక్కడో కిరాణా కొట్టు పెట్టుకున్నాడట. పోయినవాళ్ళ ఇళ్ళకి కబురు మోసుకెళ్ళింది నేను. అందుకని మీ నత్తకి నేను చెప్పేది ఒక్కటే. పెట్టె సర్దుకోమను.

బూట్లలో గుల్లలు పోయడం మాత్రం బాగుంది. మా రోజుల్లో ఇంత తెలివి ఉండేది కాదు, ఉత్త బురద పోసేవాళ్ళం. మీ అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత, ఆ పిల్లాడి అవస్థ వాళ్ళమ్మకి తెలుసో లేదో అంది. తెలిస్తే మాత్రం ఏం చేస్తుంది, వచ్చి తాను మునుగుతుందా అన్నాను. బడిపంతులమ్మగా రిటైరైనా ఆవిడకి ప్రతి పిల్లాడూ ఇంకా ఒకటో తరగతే.

మనవాడు గొలుసు ఎన్నోసారికి బిగించాడో నువ్వు రాయలేదు. మొదటిసారికే అయివుంటుంది, నీకు అసూయ.

మామయ్య


డిసెంబరు 11

మామయ్యా, అత్తయ్యా,

ఇక్కడ మంచు. పలకలు మోస్తుంటే చేతి తొడుగు ఇనుముకి అంటుకుపోతోంది. పోయిన నెల మట్టి బలం పరీక్ష నేను తప్పాల్సింది. ఆదివారాలన్నీ నా పక్కన కూర్చుని నత్తే లెక్కలు చెప్పాడు. విసుక్కోడు. నాకు అర్థం కాకపోతే తాను సరిగ్గా చెప్పలేదంటాడు.

ఇప్పుడొక చిక్కొచ్చి పడింది. జట్టులో ప్రతివాళ్ళూ మిగతావాళ్ళని, తమతో సహా, ఎవరు మేలు ఎవరు కాదు అని వరసగా రాసి ఇవ్వాలి. ఒకసారి అయింది, అప్పుడు నత్తే ఆఖరు. రెండోసారి కూడా ఆఖరొస్తే యూనిఫాం విప్పేసి వెళ్ళిపోవాలి. యూనిఫాంతో పాటు చదువూ పోతుంది. జనవరిలో రాయాలి. వాడు లేకపోతే మా జట్టు మొదటి స్థానానికి వస్తుందని అందరూ అనుకుంటున్నారు. మొదటి జట్టుకి పోస్టింగులు కోరుకున్న చోట ఇస్తారు. తాటిచెట్టుకి మోకాలు బెణికింది కనక పెద్దరికం కూడా మారుతుంది, నా పేరు అనుకుంటున్నారు.

వాణ్ణి ఎక్కడ పెట్టను? బాగా ఆలోచించి చెప్పండి మామయ్యా. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

మీ మేనకోడలు


జనవరి 2

గడుగ్గాయీ,

ఇందులో ఆలోచించేదేముంది? ఆఖరున పెట్టు.

లెక్కలు చెప్పాడని దండం పెట్టు, తప్పులేదు. ఆ దండం తీసుకెళ్ళి కాయితం మీద పెట్టకు. లెక్కలొస్తే బళ్ళో పాఠాలు చెప్పుకోమను. మనవాడు కూడా లెక్కల్లో దిట్టే, మరి వాడు మునగడం లేదా? వాణ్ణి చూపించి సిగ్గు తెచ్చుకోమను ఆ నత్తని.

నాకు కోపం ఆ కుర్రాడి మీద కాదు. వాణ్ణి కన్న తండ్రి మీద. కొడుకు కళ్ళెదుట ఇరవయ్యేళ్ళు పెరిగాడు కదా, వాడి గుండె ఎంతో తెలియదా? నలుగురిలో మీసం తిప్పుకోవడానికి పిల్లాణ్ణి నీళ్ళలోకి తోసిన రకం అయివుంటాడు. అలాంటివాణ్ణి మీ పరేడు మైదానంలో నిలబెట్టి, బూట్లలో గుల్లలు పోసి నడిపించాలి.

పెద్దరికం నీకొస్తే వదులుకోకు. మీ అమ్మ పోయాక నిన్ను ఈ ఇంటికి తెచ్చినప్పుడు నువ్వు నా మోకాలంత ఉన్నావు. అప్పుడే అనుకున్నాను, ఇది నా పేరు నిలబెడుతుందని.

మామయ్య


ఫిబ్రవరి 14

మామయ్యా,

నత్త వెళ్ళిపోయాడు. అందరి కాయితాల్లోనూ వాడే ఆఖరు. వాడు రాసిన కాయితంలో కూడా తన పేరు ఆఖరునే రాసుకున్నాడు. బూట్లు పాలిష్ చేసి, యూనిఫాం మడతపెట్టి స్టోరులో అప్పగించి, సంతకం పెట్టి వెళ్ళాడు. గేటు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

జట్టుకి ఇప్పుడు నేనే పెద్దని. మొన్నటి పోటీలో మా వంతెన అందరికంటే ముందు పూర్తయింది.

బావ గురించి అడిగారు. ఆరోగ్యం బాగానే ఉంది. పని ఎక్కువ.

మీ మేనకోడలు


ఏప్రిల్ 6

జట్టు పెద్దగారికి,

పిలుపు నచ్చిందా? పాలిటెక్నిక్‌లో బంట్రోతు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ చెప్పాను. మీ అత్తయ్య నా పాత కోటు బయటికి తీసి తొడిగించింది. బొత్తాలు పట్టలేదు. దర్జీ ఓ వారం గడువడిగాడు. జూన్‌లో మీ పరేడుకి ఇద్దరం వస్తున్నాం. కొడుక్కీ కోడలికీ ఒకే రోజు నక్షత్రాలు పెట్టే భాగ్యం ఎంతమందికి వస్తుంది? మేనకోడలు కూడా కోడలేగా, తగువు పెట్టుకోకు.

సీట్ల కోసం మీ అకాడమీకి రాశాను. వాళ్ళ జవాబు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీ పేరు మీద రెండు కుర్చీలు ఇస్తారట. మనవాడి పేరుతో క్యాడెట్ ఎవరూ లేరట. మన పేర్లు నోరు తిరగక, ఏ గుమాస్తానో వాణ్ణి కాయితాల్లోంచే ఎగరగొట్టేశాడు. నీకిప్పుడు హోదా ఉంది కదా, వెళ్ళి ఆ గుమాస్తాని కడిగేసి రా. బావని పంపకు, వాడు మొహమాటంతో ఊరుకుంటాడు.

ఈసారైనా వాడి చేత రెండు ముక్కలు రాయించు. మీ అత్తయ్య నాలుగు రోజులుగా తపాలావాడి కోసం వీధిలోనే కూర్చుంటోంది.

మామయ్య


ఏప్రిల్ 25

మామయ్యా,

ఈ ఉత్తరం అత్తయ్యకి చదవకండి. ముందు మీరొక్కరే చదువుకోండి.

గుమాస్తా తప్పేమీ లేదు. బావ ఇక్కడ లేడు. నత్త అంటే బావే.

మొదటి వారంలోనే ఆ పేరు పెట్టారు. మీకు తెలియనివ్వద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. తర్వాత తనే ఒక ఉపాయం చెప్పాడు. "నా పేరుతో అడిగితే నాన్న తిడతాడు. పరాయివాడి గురించి అడిగితే మంచి మాట ఏదైనా చెబుతాడేమో, అలా రాయి" అన్నాడు. మొదట్లో మాకు అదొక ఆటలా ఉండేది. భయం పోతుందా అని అడిగింది నేను కాదు, బావ. ఆ ప్రశ్న తనే పక్కన కూర్చుని రాయించాడు. మీ జవాబు కోసం ఎన్నిసార్లు తపాలా గదికి వెళ్ళాడో. వచ్చాక నా చేత చదివించుకున్నాడు. భయపడేవాడే పోవాలి అన్న చోట, మళ్ళీ చదవమన్నాడు.

జనవరి ఉత్తరం కూడా చదవమన్నాడు. తండ్రి గురించి మీరు రాసింది నేను వదిలేద్దామనుకున్నాను. నా మొహం చూసి కాయితం లాక్కున్నాడు. మొత్తం చదివి, మడిచి ఇచ్చి, "నాన్న న్యాయంగానే చెప్పాడు. ఇంక రాయకు" అన్నాడు. మర్నాడు వరసలు రాశాం. బయటికొచ్చాక, నువ్వెక్కడ పెట్టావని అడిగాడు. ఆఖరున అన్నాను. తలూపాడు. మీరు చెప్పారని పెట్టానంటే అబద్ధమవుతుంది. జట్టుకి ఎదురెళితే పెద్దరికం రాదు, నాకది కావాలనిపించింది. మీ ఉత్తరం నాకు పనికొచ్చింది.

ఇక్కడే రేవు దగ్గర గోదాంలో పని చేస్తున్నాడు. మొదట్లో ఆదివారాలు వెళ్ళేదాన్ని. యూనిఫాంతో రావద్దన్నాడు. తర్వాత అసలే రావద్దన్నాడు.

మీ మేనకోడలు


మే 13

నువ్వు "చదవకండి" అన్న మాట కూడా పైకే చదివాను. ఎప్పటి అలవాటే. ఇదేదో నీ కొంటెతనం అనుకున్నాను. ఆపేసరికి ఆలస్యమైంది.

మీ అత్తయ్య కంచంలో చెయ్యి అలాగే ఉంచి, "ఆ గుల్లలు పోసింది మన పిల్లాడి బూట్లలోనా?" అంది. నేను ఉత్తరం మడిచేశాను. "మనం నవ్వాం కదండీ" అంది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పక్క వేరే గదిలో వేసుకుంది.

నీకు రాయాల్సింది చాలా ఉంది. రాయను. వాడి అడ్రసు పంపు.


మే 30

మామయ్యా,

అడ్రసు మీకివ్వద్దని బావ గట్టిగా చెప్పాడు. అయినా వెనక రాశాను. రేవులో మూడో గేటు, సిమెంటు గోదాం.

పరేడు జూన్ ఇరవైన. రెండు కుర్చీలు మీ పేరు మీదే ఉంచమన్నాను. నక్షత్రం ఎవరో ఒకరు పెట్టాలి. మీరు రాకపోతే పెట్టడానికి నాకెవరూ లేరు.

మీ మేనకోడలు


జూలై 8

నీ పరేడుకి రాలేదు. అదే రోజు అదే ఊళ్ళో ఉన్నాం. మైదానంలో మోగిన బ్యాండు రేవులోకి వినిపించింది.

మీ అత్తయ్య నన్ను బయటే ఉండమని లోపలికెళ్ళింది. గేటు పక్కన నీడ లేదు. నేను కోటు తొడుక్కుని ఉన్నాను, విప్పాలని తోచలేదు. చాలాసేపటికి తోపుడు బండి మీద బస్తాలతో వాడే బయటికొచ్చాడు. ఒంటి నిండా సిమెంటు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి బండి ఆపాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు.

నేను, "నాన్నా" అన్నాను. చిన్నప్పుడు అలాగే పిలిచేవాణ్ణి వాణ్ణి, జ్వరం వచ్చినప్పుడు.

"ఆయన ఇక్కడ లేరండీ" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. కోపం లేదు ఆ గొంతులో. దారి అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు.

మీ అత్తయ్య తిరిగి రానంది. వాడితోనే ఉండిపోయింది. తిరుగు టిక్కెట్టు ఇచ్చినా తీసుకోలేదు, నేను ఆవిడ సంచీ గేటు దగ్గర పెట్టి వచ్చేశాను. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. వంట ఏదో చేసుకుంటున్నాను.

అసలు సంగతి రాస్తున్నాను. వాణ్ణి వచ్చే బ్యాచిలో మళ్ళీ చేర్చుకోమని అకాడమీకి అర్జీ పెట్టాను. పాత పరిచయాలన్నీ వాడాను. జట్టు పెద్దగా ఉన్నవాళ్ళ అభిప్రాయం అడుగుతారట. అంటే నీది. ఒక్క మంచి మాట రాయి తల్లీ. నేను నీకు నేర్పినవన్నీ మర్చిపోయి రాయి. నాకోసం వద్దు, నీకు లెక్కలు చెప్పినందుకు రాయి.

మామయ్య


ఆగస్టు 19

మామయ్యకి,

మీ అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. తగడు అని రాసి సంతకం పెట్టాను.

కోపంతో కాదు, మీ మీద పంతంతోనూ కాదు. బావ నీళ్ళలో పడే అవస్థ మీరు చూడలేదు. నేను పక్కనుండి చూశాను. పైకొచ్చిన ప్రతిసారీ కాసేపు తన పేరు కూడా చెప్పలేకపోయేవాడు. మళ్ళీ చేరిస్తే మీకోసం మళ్ళీ దిగుతాడు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. బావని మీరు ఒక్క మాటైనా అడిగారా, తిరిగి వెళ్తావా అని? నేనూ అడగలేదు. ఆఖరున పెట్టినప్పుడూ అడగలేదు, తగడని రాసినప్పుడూ అడగలేదు. తేడా ఒక్కటే, ఈసారి నాకు దానివల్ల వచ్చేదేమీ లేదు.

చేసిన పని మొహం మీదే చెప్పాలని నిన్న వెళ్ళాను. నా పోస్టింగు ఈ ఊళ్ళోనే, డ్యూటీ నుంచి నేరుగా వెళ్ళడంతో యూనిఫాంలోనే ఉన్నాను. చాకలి దుకాణం పైన ఒకే గది. రెండు మంచాలు, కిటికీ కింద స్టవ్వు. బావ నేల మీద కూర్చుని, కింద దుకాణం వాళ్ళ పిల్లకి భిన్నాలు చెబుతున్నాడు. మీ అర్జీ సంగతి అసలు తెలియదు. అంతా విన్నాడు. "మంచి పని చేశావు" అన్నాడు. ఆ తర్వాత నేను అక్కడ లేనట్టే పిల్లకి మిగిలిన లెక్క చెప్పడంలో పడ్డాడు.

అత్తయ్య కూర తరుగుతోంది. కళ్ళు సరిగా ఆనక వేళ్ళతో తడుముకుంటూ తరుగుతోంది. నేను తరుగుతానని దగ్గరికి వెళ్ళాను. కత్తి ఇవ్వలేదు. లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఎండలో వచ్చారు, తాగి వెళ్ళండి" అంది.

మామయ్యా, ఆరేళ్ళప్పట్నుంచీ నాకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి. నన్ను మీరు అంది.

తాగాను. మన ఇంట్లో అలవాటే కదా అని గ్లాసు కడగబోయాను.

"మీకెందుకండీ శ్రమ, అక్కడ పెట్టెయ్యండి" అంది.

మీ మేనకోడలు